ఆరో నంబరు తొడుగు

ఫిబ్రవరి 2

ప్రియమైన అమ్మకి,

పడవ చేతికొచ్చింది. ఇంజను బాగుంది, అడుగు చెక్కలు గట్టిగా ఉన్నాయి, కాగితాలు నా పేరుకి మారాయి. నాలుగేళ్ళు వాళ్ళ పడవా వీళ్ళ పడవా నడిపిన దాన్ని, ఇప్పుడు సొంత చుక్కాని పట్టుకున్నాను. రెండు రోజులుగా రేవులో కట్టేసిన పడవలోనే కూర్చుని టీ తాగుతున్నాను. నవ్వకు.

బాగోలేనివల్లా సీట్లే. గోడల వెంట ఇటు మూడు, అటు మూడు చెక్క బల్లలు, వాటి మీద ఆరు మెత్తలు. పైన రెగ్జిన్ పగిలి పొలుసుల్లా రాలుతోంది. లోపలి ఫోమ్ మాత్రం పాడవలేదు, తీసి కడిగి ఎండబెట్టాను. మార్చి పదిన రేవు ఆఫీసు వాళ్ళ తనిఖీ. అందులో నెగ్గితేనే జనాన్ని ఎక్కించుకోవడానికి అనుమతి. పోతే మళ్ళీ ఏడాది ఆగాలి. వచ్చే ఆఫీసరుని ఇక్కడ అందరూ కొర్రీల సారు అంటారు. ఒక్క కొర్రీ అయినా రాయకుండా ఆయన ఇంతవరకు ఏ పడవా దిగలేదట. మెత్తల కింద పెట్టెల్లోనే లైఫ్ జాకెట్లు ఉంటాయి కదా, పోయిన నెల ఒకాయన పడవలో చిరిగిన సీటులోంచి నీళ్ళు దిగి అవి నానాయని అనుమతి ఆపేశాడు.

మెత్తల షాపుకి వెళ్ళాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "పడవ ఎవరిదమ్మా?" అన్నాడు. నాదే అన్నాను. "అలాగా. నడిపేదెవరు?" నేనే. "సరేలే, ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే పంపించు, కొలతలు మాట్లాడుకుంటాం. అయినా మార్చి పదిలోపు అయ్యే పని కాదు. ఏప్రిల్ దాటాలి" అన్నాడు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "పడవ సీట్లు కుట్టడమంటే దిండు గలీబులు కుట్టడం కాదమ్మా" అని ఉచిత సలహా ఒకటి.

దిండు గలీబులు అనగానే నువ్వే గుర్తొచ్చావు. అమ్మా, ఒక్కసారి రావూ? ఈ దీవికి నీటి దారి తప్ప ఇంకో దారి లేదని నాకూ తెలుసు. పెద్ద పడవలో రెండే రెండు గంటలు. నేనొచ్చి నాలుగేళ్ళయింది, నువ్వు నా గది ఎలా ఉంటుందో కూడా చూడలేదు. నీ చేత్తో కొలిచి నీ చేత్తో కుట్టు.

నీ పిడుగు

*

ఫిబ్రవరి 6

ప్రియమైన పిడుగుకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి మీ నాన్నకి వినిపించాను. "మగవాళ్ళని పంపమన్నాడా? నేను వెళ్ళొస్తాను" అని లేచారు. కూర్చోమన్నాను. మీ నాన్న సూదిలో దారం ఎక్కించేసరికే ఏప్రిల్ దాటుతుంది.

సీట్లు నేనే కుడతాను. రావడం మాత్రం రాను. ఎందుకో నీకు వందసార్లు చెప్పాను, నూటొకటోసారి విను. పెళ్ళయిన కొత్తలో రేవు మెట్టుకీ పడవకీ మధ్య మూరెడు సందు, సరిగ్గా అందులో పడ్డాను. ఎవరో ఇద్దరు రెక్కలు పట్టి పైకి లాగారు. మీ నాన్న గట్టు మీద నిలబడి నవ్వారు. కొత్త చీర, తడిసిన పెట్టె, ఆ నవ్వు. ఇక నీళ్ళ మీద కాలు పెట్టనని అక్కడే అన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ మాట మీదే ఉన్నాను. మీ నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ, "మా ఆవిడకి నీళ్ళంటే భయం. లేకపోతే నేను వారం వారం వెళ్ళి పిల్లని చూసొచ్చేవాణ్ణి" అంటారు. నాది భయం కాదు, పంతం. రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇప్పుడు పని సంగతి. కొలతలు ఫోనులో చెప్పకు. ఫోనులో చెప్పిన కొలత నీళ్ళ మీద రాత. పాత క్యాలెండరు కాగితాలు అతికించి బల్ల మీద పరిచి, అంచు వెంట పెన్సిలుతో గియ్యి. బల్ల మీదే, పాత తొడుగు మీద కాదు. వాడిన తొడుగు సాగి ఉంటుంది, దాన్ని నమ్మితే కొత్తది ముసలమ్మ బుగ్గలా వేలాడుతుంది. కాగితం ఖాళీ వైపునే గీసి, అదే వైపున పడవ ముక్కు ఎటో బాణం గుర్తు వెయ్యి. ఏ అంచు గోడ వైపో, ఏ అంచు మనుషులు నడిచే దారి వైపో రాయి. ఎడమ వైపు వెనకనుంచి ముందుకి ఒకటి, రెండు, మూడు. కుడి వైపు అలాగే నాలుగు, అయిదు, ఆరు. ఇంకో మాట. పైన రెగ్జిన్ వేసినా అడుగున జాలీ బట్ట వేస్తాను, లోపలికి చెమ్మ చేరితే కిందనుంచి ఆరిపోవాలి. కాబట్టి మెత్తని తిరగేసి వాడుకుంటానంటే కుదరదు. ఎడమది ఎడమదే, కుడిది కుడిదే. జాగ్రత్తగా గియ్యి.

వేళకి తింటున్నావా? టీతో కడుపు నిండదు.

ప్రేమతో
అమ్మ

*

ఫిబ్రవరి 10

ప్రియమైన అమ్మకి,

ఆరు కాగితాలూ చుట్టి పంపుతున్నాను. నువ్వు చెప్పినట్టే బల్ల మీద పరిచి గీశాను. రేవులో వాళ్ళు గుమిగూడి, "ఏంటమ్మా, పడవకి చొక్కా కుట్టిస్తున్నావా?" అని ఒకటే నవ్వు. అవునన్నాను.

వెనక నాలుగూ సూటిగా పలకల్లా ఉంటాయి, వాటితో ఇబ్బంది లేదు. ముందు రెండే, అంటే మూడూ ఆరూ, తిప్పలు పెడతాయి. పడవ ముక్కు దగ్గర సన్నబడుతుంది కాబట్టి వాటి గోడ వైపు అంచు ఏటవాలుగా పోతుంది. పైగా అక్కడ పైకప్పు మోసే ఇనప స్తంభాలున్నాయి. ఎడమ ఒకటి, కుడి ఒకటి, రెండూ గోడకి ఆనుకునే. స్తంభం పట్టడానికి మెత్త మూల అరచెయ్యంత కోసి ఉంటుంది.

రంగు నీ ఇష్టం. ముదురు నీలమైతే మరక కనబడదు.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను. ఎక్కడైనా తేడా వస్తే నువ్వే రావాలి. నీ కుట్టు విప్పే ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదు, నాకసలే లేదు.

నీ పిడుగు

*

ఫిబ్రవరి 21

ప్రియమైన పిడుగుకి,

పార్సిలు ఈ ఉదయమే పంపాను. ఆరు తొడుగులు, ఆరింటికీ వెనక అంచున జిప్పు, జిప్పు పక్కన లోపల నంబరు కుట్టాను. రంగు ముదురు నీలం. మీ నాన్న ఎరుపన్నారు, వినలేదు.

కుట్టు సంగతులు రాసుకునే నా నోటుబుక్కులో పద్నాలుగు పేజీలు నిండాయి. రెగ్జిన్ సంగతి ఇప్పుడు తెలిసింది. బట్టకి గుండుసూది గుచ్చితే ఆ కన్నం మూసుకుంటుంది. రెగ్జిన్‌కి గుచ్చితే అది జన్మంతా కన్నమే, అందులోంచి నీళ్ళు దిగుతాయి. అందుకని గుండుసూదులు పెట్టెలో పడేసి, దండెం మీది బట్టల క్లిప్పులతో అంచులు పట్టించాను. రెండు రోజులు ఉతికిన బట్టలు ఆరేస్తే ఆరేసినట్టు ఎగిరిపోయాయి. పక్క మేడ మీదనుంచి మీ నాన్న బనీను తెచ్చుకోవాల్సొచ్చింది.

మిషను పాదం కింద రెగ్జిన్ అతుక్కుని కదలనంది. సబ్బు రాశాను, ఒప్పుకోలేదు. పౌడరు చల్లాను, నాలుగు అంగుళాలు పోయి ఆగింది. చివరికి పైన పల్చటి కాగితం వేసి, కాగితంతో సహా కుట్టి, తరవాత కాగితం చింపేశాను. అప్పుడు వెన్నలో కత్తిలా వెళ్ళింది. రెండో తొడుగు మొదలుపెట్టినప్పుడు మీ నాన్న వచ్చి నిలబడి, "మెత్త కంటే తొడుగు అర అంగుళం చిన్నదిగా ఉందే, తప్పు కొలిచావు" అన్నారు. అలాగే ఉండాలన్నాను. బిగుతుగా ఉంటేనే ముడత పడదు. "నువ్వు నాకు కుట్టిన లాల్చీలన్నీ ఈ లెక్కనే కుట్టావా ఏమిటి" అంటూ వెళ్ళిపోయారు.

తొడుగు బిగుతు కాబట్టి ఫోమ్ ఊరికే దూరదు. పల్చటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి దూర్చు. లోపలికి వెళ్ళాక సంచి మెల్లగా లాగెయ్యి. మూలలు వేళ్ళతో నెట్టు, కర్రతో కాదు.

నువ్వు పంపిన కాగితాల ప్రకారమే కుట్టాను, వెంట్రుకవాసి తేడా లేదు. ఆరో కాగితం మాత్రం రెండుసార్లు చూశాను.

ప్రేమతో
అమ్మ

*

ఫిబ్రవరి 26

ప్రియమైన అమ్మకి,

అయిదు తొడుగులు చర్మంలా పట్టాయి. చిటికేస్తే మద్దెల మోగినట్టు మోగుతున్నాయి. చూస్తూ కూర్చోబుద్ధవుతోంది గాని వాటి మీద కూర్చోబుద్ధి కావడం లేదు.

ఆరోది పట్టలేదు. ఏటవాలు అంచు గోడ వైపు రావాల్సింది దారి వైపు వచ్చింది. స్తంభం కోసం కోసిన మూల కూడా దారి వైపే ఉంది. మూడోదీ ఆరోదీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఎడమవే. రెండు కాళ్ళకీ ఎడమ చెప్పులు పంపినట్టయింది. తిరగేద్దామంటే అడుగున జాలీ.

తనిఖీకి పన్నెండు రోజులుంది. షాపాయన్ని అడగను, చచ్చినా అడగను. అమ్మా, నీ కుట్టు నువ్వే సరిచెయ్యాలి.

నీ పిడుగు

*

ఫిబ్రవరి 28

ప్రియమైన పిడుగుకి,

నా చేత్తో కుట్టిన దాంట్లో తప్పుంటే ఆ తప్పు ఇంకొకరు విప్పడం నాకిష్టం లేదు. మార్చి నాలుగున వస్తాను.

పెద్ద పడవ ఎక్కను. నువ్వే నీ పడవ తీసుకుని రా. టిక్కెట్టు మనిషిని ఎక్కించుకోకూడదు గాని సొంత మనిషిని ఎక్కించుకోవచ్చేమో రేవులో కనుక్కో. ఎలాగూ పడేదాన్నయితే నీ పడవలోంచే పడతాను. మెట్టుకీ పడవకీ మధ్య వెడల్పాటి చెక్క వెయ్యి. మిషను నేను మొయ్యలేను, మీ నాన్న రేవు దాకా మోస్తారు. ఆయన గట్టు మీదే నిలబడతారు. నవ్వకూడదని ముందే మాట తీసుకున్నాను.

అమ్మ

*

మార్చి 11

ప్రియమైన అమ్మకి,

నెగ్గాం!

ఫోనులో కేక పెట్టి పెట్టేశాను, ఇప్పుడు నింపాదిగా రాస్తున్నాను, నీ నోటుబుక్కులో అతికించుకోవడానికి.

కొర్రీల సారు నిన్న పదింటికి వచ్చాడు. బూట్లు విప్పి పడవలోకి దిగాడు. ఇంజను చూశాడు, దీపాలు చూశాడు, తాళ్ళు లాగి చూశాడు, ప్రతిదానికీ "ఊఁ" అన్నాడు. ఒకటో నంబరు మీద కూర్చున్నాడు. లేచాడు. రెండో నంబరు మీద కూర్చున్నాడు. అలా ఆరింటి మీదా కూర్చుని, "మగ్గుతో నీళ్ళు పట్రా" అన్నాడు. తాగడానికేమో అనుకున్నాను. తెచ్చి ఇస్తే ఆరో మెత్త మీద కుమ్మరించాడు! స్తంభం మూల దగ్గర, కుట్లన్నీ కలిసే చోట. నీళ్ళు కుట్టు వెంట పరిగెత్తి దారిలోకి జారిపోయాయి. ఆయన మెత్త ఎత్తి అడుగున చెయ్యి పెట్టి చూశాడు. పొడి. పెట్టె తెరిచాడు. లైఫ్ జాకెట్లు పొడి.

"ఎవరు కుట్టారు?"

"మా అమ్మండి."

"ఏ షాపు?"

"షాపు కాదండి. ఇల్లు."

ఆయన ఇంకోసారి మూల తడిమి, కాగితం తీసి "కొర్రీలు లేవు" అని రాశాడు. రేవంతా ఎగబడి ఆ కాగితం చూసింది. ఇలాంటిది ఎవరూ చూడలేదట. మధ్యాహ్నం మెత్తల షాపాయన వచ్చాడు. వంగి, అద్దాలు పెట్టుకుని, కుట్టు వెంట గోరుతో రాస్తూ పోయాడు. "గుండుసూది కన్నం ఒక్కటీ లేదే. ఎలా పట్టించారు?" అన్నాడు. "దిండు గలీబులు పట్టించినట్టే" అన్నాను. నెల రోజుల నుంచీ నాలుక చివర పెట్టుకున్న మాట, వాడేశాను. ఆయన నవ్వి, "మీ అమ్మగారిని ఒకసారి మా షాపుకి రమ్మనమ్మా, నేర్చుకుంటాం" అన్నాడు. నిజంగానే అన్నాడు.

ఇప్పుడు నేనొక మాట చెప్పాలి. చదివి తిట్టు, కానీ పూర్తిగా చదివి తిట్టు.

ఆరో తొడుగు తప్పు నీది కాదు. నేనే కాగితం అచ్చు వైపున గీసి, కత్తిరించి, తిరగేసి, ఖాళీ వైపున బాణం వేసి అంచుల పేర్లు రాశాను, కుడిది ఎడమదైపోయింది. కావాలనే. నాలుగేళ్ళుగా రమ్మని పిలుస్తున్నాను. గది చూడమన్నాను, రాలేదు. జ్వరమొచ్చిందన్నాను, మందులు పంపావు. నువ్వు నాకోసం రావని కాదు, నీ మాట నిన్ను రానివ్వదు. కానీ నీ కుట్టులో తప్పుందంటే నువ్వు ఆగలేవు. అది నాకు బాగా తెలుసు. నువ్వెప్పుడూ మీటరు బట్ట ఎక్కువ తీసుకుంటావు కాబట్టి తనిఖీకి ముప్పు లేదని కూడా లెక్కేసుకున్నాను. అయినా అబద్ధం అబద్ధమే. నువ్వు మిషను ఒళ్ళో పెట్టుకుని, మొదటి పావుగంట కళ్ళు మూసుకుని కూర్చుంటే, అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. తరవాత ఒక కన్ను తెరిచావు. సగం దూరం దాటాక, "ఇంతకంటే వేగంగా పోదా ఇది?" అన్నావు. ఇక ఏం చెబుతాను!

ఇంకొకటి. నిన్ను దింపి తిరిగొచ్చాక చూస్తే, చుక్కాని దగ్గర నా చెక్క సీటు మీద నీలం మెత్త ఉంది. నిన్ను దింపడానికి బయల్దేరేటప్పటికే దాని మీద గోనెసంచి కప్పేసి ఉంచావు, నిలబడే నడిపాను కాబట్టి గమనించలేదు. ఏడో మెత్త! దానికి కాగితం లేదు, కొలత లేదు. నువ్వు నన్ను టీకి తరిమింది రెండే గంటలు. ఆ రెండు గంటల్లో ఆరోది విప్పి, కొత్తగా కుట్టి, ఇదెప్పుడు కుట్టావు? ఎంత నువ్వైనా అంత వేగం కుదరదు.

తిట్టు.

నీ పిడుగు

*

మార్చి 15

ప్రియమైన పిడుగుకి,

తిట్టను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

నువ్వు కాగితాలు పంపిన రోజే ఆరూ నేల మీద పడవలా పరిచాను. ఎడమ మూడు, కుడి మూడు, మధ్యలో దారి. మీ నాన్నని ఆ దారిలో నడవమన్నాను. నడుస్తూ ఆరో కాగితం దగ్గర ఆగి, "ఇక్కడ ఏదో మూల కోసుందే" అన్నారు. స్తంభం అన్నాను. "మనుషులు నడిచే దారిలో స్తంభమెవరు పాతారే!" అన్నారు. నీ ఉత్తరం తీసి చూశాను. స్తంభాలు రెండూ గోడకి ఆనుకునే అని నువ్వే రాశావు. ఉత్తరంలో స్తంభం గోడ దగ్గరుంది, కాగితంలో దారి మధ్యలో ఉంది. అయిదు కాగితాలు గీటు తప్పకుండా గీసిన పిల్ల ఆరోది ఎలా తప్పింది? ఆ కిందే, "తేడా వస్తే నువ్వే రావాలి" అన్న ముక్క. కన్నదాన్ని, ఆ మాత్రం తెలియదా!

అదే రోజు ఆరో నంబరువి రెండు కత్తిరించాను. ఒకటి నీ కాగితం ప్రకారం, ఒకటి నీ ఉత్తరం ప్రకారం. కాగితం ప్రకారం కుట్టింది పార్సిలులో వేశాను. సరైనది మడిచి అలమరలో చీరల కింద పెట్టాను. నువ్వు ఎప్పుడు పిలుస్తావా అని ఎదురు చూశాను. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది దాకా నీ ఉత్తరం రాకపోతే సరైనది మొదటి పడవలో పంపెయ్యాలని నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను కూడా. నీ తనిఖీతో నేను ఆటలాడతానా?

మరి తెలిసీ ఎందుకు ఊరుకున్నానంటావు. నాది పంతమేనని ఇరవై తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను కదా. అది నిజం కాదు. మొదటి ఏడాది పంతమే. తరవాత భయమే. భయమని ఒప్పుకోలేక పంతం అన్నాను, పంతమన్నాక దిగి రాలేకపోయాను. నీ గది చూడాలని నాకు మాత్రం ఉండదా? ఊరికే వస్తే నా మాట పోతుంది. నా కుట్టు సరిచేసుకోవడానికి వస్తే మాట నిలబడుతుంది, నేనూ వస్తాను. నువ్వు నాకు దారి వేశావు, నేను దాని మీద నడిచాను, అంతే. చెక్క కూడా వేశావు గాని, నిజం చెప్పాలంటే నేను చెక్కని నమ్మి దాటలేదు. నీ చెయ్యి పట్టుకుని దాటాను. నీ అరచెయ్యి ఇంత గట్టిపడిందని అప్పుడే తెలిసింది.

ఇక ఏడో మెత్త. వచ్చేటప్పుడు ఒక కన్ను తెరిచానన్నావు కదా, ఆ కంటికి మొదట కనబడింది నీ సీటు. జనానికి ఆరు మెత్తలు కావాలని అన్ని ఉత్తరాలు రాసినదానివి, రోజంతా నువ్వు కూర్చునే ఉత్త చెక్క సంగతి ఒక్క ముక్క రాయలేదు. గోనెసంచి మడిచి వేసుకున్నావు. రేవులో నువ్వు తాడు కడుతుంటే జానతో కొలిచాను. ఒక జానా నాలుగు వేళ్ళు అటు, ఒక జానా రెండు వేళ్ళు ఇటు. నువ్వు టీకి వెళ్ళగానే సంచిలోంచి సరైన ఆరోది తీసి తొడిగాను. అది పది నిమిషాల పని. మిగతా గంటా యాభై నిమిషాలూ ఆ తప్పు తొడుగు విప్పి నీ సీటుకి కుట్టాను. నీ గదిలో అటక మీద పాత పరుపు ముక్క ఉంది చూడు, ఇక వెతక్కు, అది లోపల ఉంది. నువ్వు కావాలని గీసిన తప్పు మీదే నువ్వు రోజూ కూర్చుంటావు. శిక్ష అనుకో.

"కొర్రీలు లేవు" కాగితానికి నకలు తీసి పంపు, నోటుబుక్కులో అతికిస్తాను. షాపాయనతో చెప్పు, వచ్చే నెలలో వస్తాను, నేర్పుతాను. తన క్లిప్పులు తనే తెచ్చుకోవాలి.

చివరిగా మీ నాన్న సంగతి. నేను తిరిగొచ్చిన రోజు, "ఇక నీకు భయం పోయింది కాబట్టి ఇద్దరం కలిసి వెళ్దాం" అని ఊరంతా చెప్పారు. ఆదివారం బయల్దేరదామన్నాను. ఆదివారం పంటి డాక్టరన్నారు. బుధవారమన్నాను. బుధవారం గాలి ఎక్కువట. నిన్న రేవు దాకా తీసుకెళ్ళాను. మొదటి మెట్టు మీద నిలబడి నీళ్ళకేసి చూశారు, చొక్కా సర్దుకున్నారు, "తాళం వేశామో లేదో" అని గిరుక్కున వెనక్కి తిరిగారు. ఇరవై తొమ్మిదేళ్ళు నా వెనక ఎవరు దాక్కున్నారో ఇప్పుడు తెలిసింది. నేను గట్టు మీద నిలబడి నవ్వాను. చాలాసేపు నవ్వాను.

మీ నాన్న కోసం కూడా ఒక తప్పు కుట్టాలేమో, ఆలోచిస్తున్నాను.

ప్రేమతో
అమ్మ